ఆకు పసరా, మందు బిళ్లా?



ఈ నెల శీర్షికకు ఎండకాలపు విరేచనాల గురించి వ్రాయాలని అంతా సిద్ధం చేసుకున్నాను. ఇంతలో రావికమతం మండలంలోని ఒక పల్లె నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు. అది చదివాక దానిని ప్రక్కనబెట్టి ఇంకొకటి వ్రాయడానికి మనసొప్పలేదు. ఆమె పేరు, ఊరు ఇక్కడ వేయడంలేదు. కాని ఇటువంటి ఇల్లు మన సంఘాలలో ఆమెది ఒక్కటే కాదని మీకందరికీ తెలుసు.

ఆమె భర్తకు 54 సంవత్సరాలు. చెరకు, వరి సాగు. ఒకప్పుడు తెల్లవారకముందే లేచి పొలానికి నడిచి వెళ్లిన మనిషి. మోటారు సైకిలు వచ్చాక నడక పోయింది, పొట్ట వచ్చింది. బరువు 88 కిలోలు. ఆరేళ్లుగా షుగరు. నిరుడు స్కానింగు తీయించితే లివరుకు కొవ్వు పట్టిందన్నారు. మెట్‌ఫార్మిన్ బిళ్లలు వాడుతున్నారు. క్రిస్మస్ తరువాత జరిగిన కూడికల దగ్గర ఎవరో ఒకాయన ఆకుల పొడి అమ్మాడు. నెలకు 1,800 రూపాయలు. "ఒళ్లు తగ్గుతుంది, లివరు కడిగినట్టవుతుంది, షుగరు పోతుంది. ఇంగ్లీషు బిళ్లలు కిడ్నీలను తినేస్తాయి, ఆకుకు సైడ్ ఎఫెక్టు లేదు" అన్నాడట. ఈయన బిళ్లలు మానేసి పొడి మొదలుపెట్టారు. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గారు! ఇంటిల్లిపాదీ సంతోషించారు, ఈమె తప్ప. ఎందుకంటే రాత్రిపూట ఆయన నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారు, చెంబులకొద్దీ నీళ్లు త్రాగుతున్నారు. అడిగితే కోపం. "యెహెజ్కేలు గ్రంథం 47వ అధ్యాయం 12వ వచనం చదువు. ఆకులు స్వస్థతకని దేవుడే చెప్పాడు. బిళ్లలు మనుష్యులు చేసినవి" అంటున్నారట. "అన్నా, వాక్యం చూపించి అడిగితే నాకు జవాబు దొరకడం లేదు. మీరు వ్రాయండి" అని ఆమె ముగించారు.

సహోదరీ, మొదట ఒక మాట. ఈ పత్రిక మీ చేతికి వచ్చిన రోజునే మిగతా చదవడం ఆపి మీవారిని రక్తపరీక్షకు తీసుకొని వెళ్లండి. షుగరు అదుపు తప్పినప్పుడు తిన్న తిండి ఒంటికి పట్టకుండా చక్కెరగా మూత్రంలో పోతుంది. వెంట నీటిని లాగుకొని పోతుంది, అందుకే ఆ దాహము, అన్నిసార్లు లేవడము. కండ, కొవ్వు కరిగి బరువు తగ్గుతుంది. అనగా ఆ నాలుగు కిలోలు పొడి తగ్గించినవి కాకపోవచ్చు. బిళ్లలు మానినందువల్ల పెరిగిన షుగరు తగ్గించినవి కావచ్చు. వాంతులు, ఆయాసం, మగత వంటివి కనిపిస్తే మాత్రం రేపటివరకు ఆగవద్దు. రాత్రియైనా సరే పెద్దాసుపత్రికే వెళ్లాలి.

ఇక ఆయన వాదనకు వద్దాము. ఆయన వదిలేసిన ఆ బిళ్ల కథ మీకు తెలుసా? అదీ ఒక మొక్క దగ్గరే మొదలైంది. ఐరోపాలో గెలీగా అనే చిక్కుడుజాతి మొక్క ఉంది. ఊదారంగు పూలు పూస్తుంది. అతిమూత్రము వంటి బాధలకు అక్కడి నాటువైద్యులు వందల సంవత్సరాలు దానిని వాడారు. అయితే దానిని మేసిన గొర్రెలు చచ్చిపోయేవి. 1918లో గ్వానిడిన్ అనే పదార్థం రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని కనుగొన్నారు. ఆ మొక్కలో ఉన్నది దాని చుట్టమే. 1920ల్లో మొక్కలోని ఆ సారాన్నే రోగులకిచ్చి చూశారు. షుగరు తగ్గింది గాని మనిషికి అది విషమయ్యింది. అదే వరుసలో విషం తక్కువైన పదార్థాలను తయారుచేశారు. వాటిలో ఒకటి మెట్‌ఫార్మిన్. 1957లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ స్టెర్న్ దానిని షుగరు రోగులకు వాడిన ఫలితాలు ప్రకటించారు. అమెరికా ప్రభుత్వం ఇంకా తాత్సారం చేసి 1994లో గాని అనుమతి ఇవ్వలేదు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యవసర మందుల పట్టికలో అది ఉన్నది. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు.

కాబట్టి ఆకు దేవునిది, బిళ్ల మనిషిది అనే గోడ అంత గట్టిది కాదు. ఆకులో ఉన్న మేలును తీసి, కీడును వేరుచేసి, ఎంత ఇస్తే ఎంత పని చేస్తుందో తూచి చూసి ఇచ్చినదే ఆ బిళ్ల.

"బిళ్లలు కిడ్నీలను తింటాయి" అన్న మాట మన ఊళ్లలో వేదవాక్కులా తిరుగుతున్నది. నొప్పి బిళ్లల విషయంలో అందులో నిజం ఉంది. ఒంటినొప్పులకని రోజూ మందుల కొట్లో కొనుక్కొని మింగేవారు కిడ్నీలను నిజంగానే పాడుచేసుకుంటున్నారు. కాని మెట్‌ఫార్మిన్ కిడ్నీని చెడగొట్టదు. కిడ్నీ ముందే బాగా దెబ్బతిన్నవారికి అది ఒంట్లో పేరుకుపోతుంది గనుక తగ్గించుటో మానిపించుటో చేస్తారు. ఈ రెండూ ఒకటి కావు. కిడ్నీలను నిజంగా తినేది యేళ్ల తరబడి అదుపులేని షుగరు, బి.పి. ఆ బిళ్లకు లోపాలు లేవని నేననను. మొదట్లో కడుపులో తిప్పుతుంది, విరేచనాలవుతాయి. యేళ్లు వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు. కాని ఈ లోపాలు తెలిసినవి, వ్రాసిపెట్టినవి, పరీక్షతో పట్టుకోదగినవి.

మరి మన ఆకులలో, గింజలలో ఏమీ లేదా? ఉన్నది. మెంతుల సంగతి చూడండి. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 1990లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇన్సులిన్ మీద ఉన్న షుగరు రోగులకు పది రోజులపాటు రోజుకు 100 గ్రాముల కొవ్వు తీసిన మెంతిపిండి ఆహారంలో కలిపి ఇచ్చారు. పరగడుపు షుగరు తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర సగానికి పైగా తగ్గింది. కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. మెంతిలోని పీచు, జిగురు అన్నంలోని చక్కెర రక్తంలోకి దిగడాన్ని నెమ్మది చేస్తాయి. కాని గమనించండి, 100 గ్రాములంటే గుప్పెడు గాదు, ఒక పూట కూర అంత. పైగా ఆ రోగులెవరూ ఇన్సులిన్ మానలేదు.

పొడపత్రి మనవారికి ఇంకా బాగా తెలుసు. ఆకు నమిలి బెల్లం నోట్లో వేసుకుంటే మట్టిలాగ ఉంటుంది, పిల్లలు దానితో ఆట ఆడతారు. అదే 1990లో మద్రాసు శాస్త్రజ్ఞులు పొడపత్రి సారాన్ని 22 మంది షుగరు రోగులకు, వారి మామూలు బిళ్లలతోపాటు, 18 నుండి 20 నెలలు రోజుకు 400 మిల్లీగ్రాములు ఇచ్చారు. చాలామందికి బిళ్లల మోతాదు తగ్గించవలసి వచ్చింది. ఐదుగురు పూర్తిగా మానగలిగారు. ఇది చిన్న సంగతేమీ కాదు. కాని ఐదుగురు మానగలిగారంటే పదిహేడుగురు మానలేదని కూడా లెక్క. మానినవారు తామంతట తాము మానలేదు, రక్తపరీక్షలు చూసుకుంటూ వైద్యులు మాన్పించారు. మందుతో ఎదురెదురుగా పెట్టి పోల్చి చూసిన పరీక్ష కూడా కాదది. 2010లో ఇదే పొడపత్రి వాడిన ఒక రోగికి లివరు వాచి కామెర్లు వచ్చినట్లు వైద్య పత్రికలో వచ్చింది. పనిచేసే ఆకు మందే అవుతుంది, మందుకున్న రెండు వైపులూ దానికీ ఉంటాయి.

సైడ్ ఎఫెక్టు లేదన్నవారికి నేను చెప్పే కథ ఒకటి ఉన్నది. ఇది మన దేశంలో జరిగింది కాదు, బెల్జియం దేశపు రాజధాని బ్రస్సెల్స్‌లో. అక్కడ ఒళ్లు తగ్గించే ఒక వైద్యశాల ఉండేది. చాలా యేళ్లు పెద్ద ఇబ్బందేమీ లేకుండా నడిచింది. 1990లో వారు తమ మందులలో రెండు చైనా మూలికల పొడులను చేర్చారు. రెండేళ్లకు, 1992లో, ఆ ఊరి కిడ్నీ వైద్యులకు ఒక వింత కనిపించింది. యాభై యేళ్లు నిండని ఆడవారు, షుగరు లేదు, పెద్ద జబ్బు లేదు, కిడ్నీలు ఎండిపోయి వస్తున్నారు. ఒకరి తరువాత ఒకరు. విచారించగా అందరూ ఆ వైద్యశాలలో ఒళ్లు తగ్గించుకున్నవారే. 1993లో తొమ్మిదిమంది సంగతి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడింది. తరువాత లెక్క నూరు దాటింది. ఎంతోమందికి డయాలిసిస్, ఎంతోమందికి కిడ్నీ మార్పిడి.

ఏమి జరిగిందంటే, పేరు తారుమారయ్యింది. వేయవలసిన మూలిక పేరు హాన్ ఫాంగ్ జీ. దాని స్థానంలో వచ్చిపడినది గ్వాంగ్ ఫాంగ్ జీ. రెండూ ఎండిన వేళ్లే. పేరులో ఒక్క మాట తేడా. మొదటిది ఒక కుటుంబం, రెండవది అరిస్టోలోకియా అనే కుటుంబం. దానిలోని ఆమ్లం కిడ్నీని లోపలనుండి మాడ్చివేస్తుంది. అంతటితో ఆగలేదు. చెడిపోయిన కిడ్నీలను, మూత్రనాళాలను ముందుజాగ్రత్తగా తీయించుకున్న 39 మందిని పరీక్షిస్తే 18 మందిలో క్యాన్సరు కనబడిందని 2000 సంవత్సరంలో ప్రకటించారు. 2002లో ఆ జాతి మూలికలను అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు మనిషికి ఖాయంగా క్యాన్సరు కలిగించేవాటి వరుసలో చేర్చారు.

బ్రస్సెల్స్ ఎక్కడ, రావికమతం ఎక్కడ అనుకోకండి. ఆ కుటుంబపు మొక్కలు మన చేలగట్ల మీద ఉన్నాయి. నల్లరేగడిలో ప్రాకే గాడిదగడపాకు ఆ జాతిదే. కొండవారు పాముకాటుకు వాడే నల్ల ఈశ్వరివేరు ఆ జాతిదే. పైపూతగా పుండ్లకు రాసేవారు రాసేవారు. ఎండబెట్టి పొడిచేసి నెలల తరబడి కడుపులోకి పంపితే ఏమవుతుందో ఆ నూరుమంది స్త్రీల బ్రతుకులు చెబుతున్నాయి. ఆకుగా ఉన్నప్పుడు మన పెద్దలు చూసి ఇది ఫలానా అని చెప్పగలరు. పొడి అయ్యాక ఎవరు చెప్పగలరు? మీవారు తింటున్న డబ్బా మీద ఏ ఆకులో, ఎంతెంతో వ్రాసి ఉన్నదా, సహోదరీ? మీ ఉత్తరంలో "పచ్చగా ఉంటుంది, చేదుగా ఉంటుంది" అని మాత్రమే ఉన్నది.

ఇక్కడ నాకు వాక్యం జ్ఞాపకం వస్తున్నది. మీవారు యెహెజ్కేలు చూపించారు గనుక నేను రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయం 38 నుండి 41 వరకు చూపిస్తాను. గిల్గాలులో కరువు. ఎలీషా శిష్యులకు వంట చేయమన్నాడు. ఒకడు ఆకుకూరలకని పొలానికి వెళ్లి, అడవి తీగె ఒకటి కనబడితే దాని కాయలు ఒడినిండా కోసుకొని వచ్చి, అవి ఏమిటో ఎరుగకుండానే తరిగి కుండలో వేశాడు. తినబోయినవారు కుండలో మరణమున్నదని కేకవేశారు. అవి చేదుపుచ్చ కాయలై యుండవచ్చునని వ్యాఖ్యాతలు అంటారు. కోసినవాడు దుర్మార్గుడు కాడు. ఆకలిగొన్నవారికి మేలు చేయాలనే వెళ్లాడు. ఆ కాయ కూడా సృష్టికర్త సృష్టిలోనిదే. ఎరుగకపోవడమే అక్కడి తప్పు.

ఆ కాయ కుటుంబమే మన సొరకాయ. దానితో ఇప్పటికీ ప్రమాదాలు జరుగుతున్నాయి. ఒళ్లు తగ్గుతుందని, గుండెకు మంచిదని పరగడుపున పచ్చి సొరకాయ రసం త్రాగే అలవాటు కొన్నేళ్లుగా పట్నాలనుండి పల్లెలకు ప్రాకింది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం త్రాగి మరణించారు. భారత వైద్య పరిశోధన మండలి ఒక నిపుణుల సంఘాన్ని వేసి విచారించింది. వారు చెప్పినది మన అమ్మమ్మలు చెప్పినదే. రసం తీయకముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి, చేదు తగిలితే కాయను పారేయండి. చేదు రసం త్రాగి వాంతులు, కడుపునొప్పి వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి. కూర వండుకునే ఇల్లాలు ముక్క రుచి చూసే తరుగుతుంది. ఆరోగ్యానికని గ్లాసు ఎత్తి గడగడ త్రాగేవాడు చేదును ఓర్చుకుంటాడు, మందు చేదుగానే ఉండాలని మనకొక నమ్మకం గదా!

లివరు గురించి కొంచెం చెప్పాలి. మనం మింగినది ఏదైనా, ఆకైనా బిళ్లయైనా, కడుపునుండి తిన్నగా లివరుకు వెళ్తుంది. అక్కడ విరిచి, మార్చి, కొంత పైత్యంలోకి, కొంత కిడ్నీ ద్వారా బయటికి పంపుతారు. ఈ రెండు అవయవాలే ఎప్పుడూ దెబ్బతినేది అందుకే. లివరు కడుక్కోవడానికి బయటి పొడి అక్కరలేదు, అది తన్ను తానే కడుక్కొనే అవయవం. పైగా ముందే కొవ్వు పట్టిన లివరు మీద ఇంకొక బరువు వేయడం జబ్బుపడిన ఎద్దుకు రెండో బండి కట్టినట్లే.

టీ నీళ్లు త్రాగితే ఎవరికీ ఏమీ కాదు. ఆ గ్రీన్ టీ సారాన్నే చిక్కగా తీసి బరువు తగ్గే గొట్టాలలో నింపి అమ్మారు. దానిలోని ముఖ్య పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించితే లివరుకు దెబ్బ తగిలే సూచనలు కనబడుతున్నాయని ఐరోపా ఆహార భద్రత సంస్థ 2018లో హెచ్చరించింది. కేరళవారు చేపల పులుసులో వేసే కుడంపులి ఉంది. దాని సారం కొవ్వును కరిగిస్తుందని ఎంత ప్రచారమో! 1998లో అమెరికాలో 135 మంది మీద 12 వారాలు చూశారు. సారం తిన్నవారికీ ఉత్తుత్తి బిళ్ల తిన్నవారికీ బరువులో చెప్పుకోదగిన తేడా లేదు. పులుసులో వేసుకుంటే మాత్రం రుచి బాగుంటుంది.

కరోనా కాలంలో తిప్పతీగ కషాయం త్రాగని ఇల్లు లేదు. 2020 చివరి నెలల్లో తిప్పతీగ వాడిన ఆరుగురికి లివరు దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఒప్పుకోలేదు. అది అసలు తిప్పతీగ కాకపోవచ్చు, దానివలె కనిపించే మరొక తీగ కావచ్చునన్నది. ఎవరి మాట నిజమైనా త్రాగినవాడికి ఒరిగేదేమిటి? ఏ తీగో తెలియక త్రాగితే అదే గిల్గాలు కుండ.

ఇంకొక మోసం ఉంది. పైకి మూలికల పేరుతో అమ్మే బరువు తగ్గే మందులు కొన్నిటిలో దొంగచాటుగా ఇంగ్లీషు మందే కలిపి ఉన్నట్లు అమెరికా ఔషధ శాఖ మరల మరల పట్టుకున్నది. ముఖ్యంగా సిబుట్రమిన్. ఆకలిని చంపే ఆ మందును గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లోనే మార్కెట్టునుండి తీసేశారు. వారంలోనే బ్రహ్మాండంగా పనిచేసిన మూలికా మందు చూస్తే నాకు ముందు ఈ అనుమానమే వస్తుంది.

అయితే బరువు తగ్గడానికి ఇంగ్లీషు వైద్యంలోనైనా మంచి మందు ఉన్నదా అంటే, ఈ మధ్యనే వచ్చింది. వారానికొక ఇంజెక్షను. విచిత్రమేమంటే ఈ జాతి మందుల్లో 2005లో మొదట వచ్చినది ఆకునుండి గాని చెట్టునుండి గాని రాలేదు, అమెరికా ఎడారిలోని గిలా అనే విషపు బల్లి లాలాజలాన్ని పరిశోధించగా దొరికింది. తరువాతి తరంలో వచ్చిన సెమాగ్లుటైడ్ వాడినవారు 68 వారాల్లో సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గారని 2021లో తేలింది. మీవారి 88 కిలోలకు లెక్కకడితే 13 కిలోలు. ఏ ఆకు సారమూ ఇంతవరకు దీని దరిదాపులకు రాలేదు, దాచుకోవడమెందుకు? టిర్జెపటైడ్ అనేది మన దేశానికి 2025 మార్చిలో, బరువు తగ్గడానికని సెమాగ్లుటైడ్ ఇంజెక్షను అదే యేడు జూన్‌లో వచ్చాయి. వచ్చిన కొత్తలో నెల ఖర్చు పదివేలు దాటింది. వాంతులు, వికారం మామూలు, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, క్లోమం వాచడం అరుదు. మానేసిన యేడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఇది స్పెషలిస్టు డాక్టరు చూసి ఇవ్వవలసిన మందు. ఎవరో వాడారని అప్పుచేసి కొనవలసినది కాదు.

కొవ్వు పట్టిన లివరుకు అంత తగ్గనక్కరలేదు. నూటికి ఐదు వంతుల బరువు తగ్గితే లివరులో కొవ్వు తగ్గడం మొదలవుతుంది. ఏడు నుండి పది వంతులు తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. మీవారికి అది ఆరు నుండి తొమ్మిది కిలోలు. షుగరు పెరిగి కాక, తిండి తగ్గి, నడక పెరిగి తగ్గాలి. ఒక్క యేడాది గడువు పెట్టుకోండి. రాత్రి అన్నం సగం చేసి కూర, పప్పు రెట్టింపు చేయండి. ప్రొద్దున చోడి అంబలి మంచిదే గాని షుగరున్నవారికి అది కూడా చెంబు నిండా కాదు, గ్లాసు. మోటారు సైకిలు ఇంట్లో పెట్టి పొలానికి నడిచి వెళ్లమనండి. ఆదివారం గుడికి కూడా.

బెల్లం మాట ఎత్తకపోతే అనకాపల్లి ప్రక్కన ఉండి వ్రాసినట్లు కాదు. "పంచదార మానేశాం, బెల్లం కాఫీయే త్రాగుతున్నాం" అని షుగరున్నవారు ధైర్యంగా చెబుతారు. చెరకు మొక్కే, బెల్లం ఆ మొక్క రసమే, మన చేతితో వండినదే. అయినా రక్తంలోకి దిగాక షుగరును దాదాపు పంచదార పెంచినట్లే పెంచుతుంది. మొక్కనుండి వచ్చినది గనుక మేలే చేస్తుందన్న మాటకు ఇంతకంటె దగ్గరి పరీక్ష మన ప్రాంతంలో ఇంకేమి కావాలి?

మీ వారి వచనానికి జవాబు ఇంకా బాకీ ఉన్నది. యెహెజ్కేలు చూసిన చెట్లు పరిశుద్ధ స్థలమునుండి పారే నది ఒడ్డున పెరిగినవి. వాటి ఆకులను డబ్బాలో పోసి కూడికల పందిరి ప్రక్కన అమ్మినట్లు అక్కడ లేదు. హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద కట్టమని యెషయా చెప్పాడు, 38వ అధ్యాయం 21వ వచనంలో చూడండి. అది ఏ పండో, ఎక్కడ కట్టాలో, ఎందుకు కట్టాలో తెలిసి చెప్పిన మందు. రోగులకు వైద్యుడు కావాలని ప్రభువే ఒప్పుకున్నాడు, మత్తయి 9:12. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ప్రార్థన చేసి బిళ్ల వేసుకోవడం అవిశ్వాసమైతే, ప్రార్థన చేసి పొడి వేసుకోవడం మాత్రం విశ్వాసమెలా అవుతుంది?

నేనిలా గట్టిగా వ్రాయడానికి ఒక కారణముంది. మా పిన్ని. కామెర్లు వచ్చి కళ్లు పసుపు తిరిగాక ఆసుపత్రిలో చేర్చాము. డాక్టరు మూడుసార్లు అడిగాడు, ఏమైనా నాటుమందు వాడారా అని. లేదు, లేదు, లేదు అన్నది. మేము కూడా లేదనే అన్నాము, మాకు తెలియదు. పదకొండు రోజుల తరువాత ఆమె మంచం క్రింది పెట్టెలో, బైబిలు సంచి అడుగున, రెండు పొట్లాలు దొరికాయి. ఒళ్లు తగ్గడానికట. తిడతారని చెప్పలేదు. ఆ పదకొండు రోజులు కూడా ఆమె మంచం మీదనే పొడి తింటూనే ఉన్నది. పిన్ని బ్రతికింది, ఆమె ఇప్పుడు లేదు గాని అది వేరే జబ్బు. కాని ఆ డాక్టరు అన్న మాట మరువలేను. "తిట్టేవాళ్లమని మాకు పేరు రావడం మా తప్పు" అన్నాడు. మన డాక్టర్లు, నర్సులు ఈ పత్రిక చదివేవారుంటే ఇది వారికి కూడా.

సహోదరీ, మీరు చేయవలసినది చెబుతాను. ఆ పొడిని ఇప్పుడే ఆపించండి. కాని డబ్బా పారేయవద్దు, అలాగే సంచిలో వేసుకొని డాక్టరుగారికి చూపించండి. పరగడుపు షుగరుతోపాటు మూడు నెలల సగటు షుగరు, కిడ్నీకి క్రియాటినిన్, లివరుకు ఎస్.జి.పి.టి., మూత్రంలో ఆల్బుమిన్ చూడమని అడగండి. రెండు నెలలు మానిన బిళ్లలను మీ అంతట మీరు మరల మొదలుపెట్టించవద్దు, క్రియాటినిన్ చూశాక ఎంత వేయాలో వారు చెబుతారు. ఇంతలో కళ్లు పచ్చబడినా, మూత్రం టీ డికాక్షను రంగుకు వచ్చినా, కాళ్లు వాచినా ఆగకండి. మీవారికి ఆకు మీద మనసుంటే మెంతులు నానబెట్టి తిననివ్వండి, పెరటి కాకరకాయ కూర వండిపెట్టండి, బిళ్లతోపాటు. పొడపత్రి వాడాలని పట్టుబడితే డాక్టరుకు చెప్పే వాడాలి, ఎందుకంటే గ్లిమెపిరైడ్ వంటి బిళ్ల తోడుంటే షుగరు మరీ పడిపోయి చెమటలు పట్టి తూలే ప్రమాదమున్నది.

పరీక్షల కాగితాలు వచ్చాక నాకొక కార్డు వ్రాయండి. మీవారికి నా వందనములు చెప్పండి, ఆయన నా మీద కోపంగా ఉన్నా సరే. విరేచనాల గురించి వచ్చే నెల.